తప్పే తన చోటు చెబితే

1940ల చివర్లో బెల్ లేబొరేటరీస్‌లో రిచర్డ్ హామింగ్ శని, ఆదివారాలు తన లెక్కలను రిలే కంప్యూటర్‌కు అప్పగించి వెళ్లేవారు. తప్పు పడిందంటే యంత్రం ఆ లెక్కను అక్కడే వదిలేసి తర్వాతి దానికి పోయేది. సోమవారం వచ్చి చూస్తే చేతికి ఏమీ దక్కేది కాదు. తప్పు పడిందని కనిపెట్టగల యంత్రం, అది ఎక్కడ పడిందో తెలుసుకుని దిద్దుకోలేదా? ఆ పట్టుదలలోంచే 1950లో హామింగ్ కోడ్ వెలుగు చూసింది.

కాగితం, పెన్సిలు ఉంటే ఎవరైనా చేసి చూడొచ్చు. పంపాల్సిన బిట్లు 1, 0, 1, 1. ఏడు గడులు గీసి వీటిని 3, 5, 6, 7 గడుల్లో వేయండి. మిగిలిన 1, 2, 4 గడులు కాపలా బిట్లవి. ఒకటో గడిలోని కాపలా 1, 3, 5, 7 గడులను చూసుకుంటుంది; రెండోది 2, 3, 6, 7; నాలుగోది 4, 5, 6, 7. ప్రతి జట్టులోనూ ఒకట్ల లెక్క సరిసంఖ్య అయ్యేలా కాపలా బిట్టును నింపాలి. 0110011 వస్తుంది. దారిలో రొద తగిలి ఆరో గడి తిరగబడి 0110001గా చేరిందనుకోండి. ఒకటో జట్టు సరిగ్గానే ఉంటుంది. రెండోది, నాలుగోది బేసి అవుతాయి. రెండూ నాలుగూ ఆరు! ఆరో గడిని తిప్పేస్తే సరి. కాపలా బిట్టే చెడినా ఈ లెక్క పట్టిస్తుంది. రెండు గడులు ఒకేసారి చెడితే మాత్రం మోసపోతుంది.

ఈ విద్య అసలు విలువ దూరం పెరిగేకొద్దీ తెలుస్తుంది. 1971లో కుజుడి కక్ష్యలోకి చేరిన మారినర్ 9, ఫొటోలోని ఒక్కో చుక్క ఛాయను తెలిపే 6 బిట్లను 32 బిట్లుగా పేర్చి పంపేది. ఏ రెండు ఛాయల సంకేతాలను తీసుకున్నా కనీసం 16 చోట్ల తేడా ఉంటుంది. కాబట్టి 32లో 7 చెడినా అసలుది తేలుతుంది. ఒక్కో బిట్టును ఐదేసిసార్లు పంపినా ఖర్చు దాదాపు అంతే. కానీ అలా పంపితే ఒకే బిట్టు నకళ్లలో మూడు చెడితే చాలు, ఆ బిట్టు పోయినట్టే. ఎన్నిసార్లు చెప్పామన్నది కాదు, ఎలా పేర్చి చెప్పామన్నదే ఇక్కడ కీలకం.

ఈ పేర్పు విద్యలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు గారికీ చోటుంది. ప్రయోగాల రూపకల్పన కోసం ఆయన 1947లో రూపొందించిన ఆర్థోగోనల్ అర్రేలకూ ఈ కోడ్‌లకూ వెనకున్న గణితం ఒకటేనని తర్వాత తేలింది.

అయితే బిట్లు గాల్లో నేరుగా పోవు, పోయేది తరంగం. దాని ఎత్తును, దశను మార్చి బిట్లను ఎక్కించడమే మాడ్యులేషన్. ఆ మార్పులను కాగితం మీద చుక్కలుగా గుర్తిస్తే, 4 చుక్కలుంటే ఒక్కో విడతకు 2 బిట్లు, 256 ఉంటే 8 బిట్లు వెళ్తాయి. చుక్కలు దగ్గరైతే రొదకు ఒకదాన్ని మరొకటిగా పొరబడే ప్రమాదం పెరుగుతుంది. అందుకే సిగ్నల్ బలంగా ఉంటే ఫోన్ ఎక్కువ చుక్కలు వాడుతుంది, బలహీనపడితే తగ్గిస్తుంది.

చాలాకాలం కోడ్‌ను ఒకరు, మాడ్యులేషన్‌ను మరొకరు విడివిడిగా రూపొందించేవారు. రెంటినీ కలిపి అల్లాలని గాట్‌ఫ్రీడ్ ఉంగర్‌బోక్ 1982లో వెలువడిన వ్యాసంలో చూపించారు. ఆ దారిలోనే 1984 నాటి వి.32 మోడెమ్ ప్రమాణం అదే టెలిఫోన్ తీగ మీద, సెకనుకు అదే 9600 బిట్ల వేగంతో, 16 చుక్కల బదులు 32 వాడే పద్ధతిని తెచ్చింది. అదనపు బిట్టు చోటును కోడ్‌కు ఇచ్చారు. చుక్కలు రెట్టింపయ్యాయి, తప్పులు తగ్గాయి.