చెవి ఒగ్గడంలోని పనితనం

హొసూరు అంగడి వీధిలో తెలుగులో మొదలైన బేరం తమిళంలో సాగి కన్నడంలో తెగడం మామూలే. 1956లో భాషల లెక్కన రాష్ట్రాలను విడదీసినప్పుడు ఈ సీమ మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. 2004లో ధర్మపురి నుంచి విడివడి కృష్ణగిరి జిల్లా అయింది. ఎల్లలు ఎటు జరిగినా ఇక్కడి చెవులు మూడు భాషలకూ అలవాటుపడ్డవే.

ఎదుటివాడి తలపుకు మనసులో చోటివ్వడాన్ని ఈ మూడు భాషలూ చెవితోనే చెప్పుకుంటాయి. తమిళులు 'కాదు కొడుత్తు కేళు' అంటారు. వాళ్లకు కాదు అంటే చెవి. కన్నడిగులది 'కివిగొడు'. మన చెవీ వాళ్ల కివీ ఒకే మూలంలోంచి వచ్చినవే. తెలుగులో మొదటి 'క' నాలుక ముందుకు జరిగి 'చ' అయింది, కన్నడంలో అలాగే నిలిచింది. ఆ రెండు భాషలూ చెవిని ఇమ్మంటాయి. తెలుగు మాత్రం ఒగ్గమంటుంది.

ఒగ్గడమంటే పట్టి ఉంచడం. బోరింగు కింద దోసిలి ఒగ్గుతాం. ఒడిబియ్యం పోసేవేళ ఆడపడుచు ఒడి ఒగ్గుతుంది. దోసిలీ ఒడీ ముందు ఖాళీగా ఉండాలి, పోసేవాళ్ల వైపు తిరిగి ఉండాలి, పోయడం అయ్యేదాకా కదలకూడదు. ఈ మూడూ చెవికీ వర్తిస్తాయి. అదే క్రియను తలకు తగిలిస్తే అర్థం ఎంత మారిపోతుందో చూడండి. తలొగ్గాడంటే లొంగిపోయాడని. చెవి ఒగ్గినవాడు ఇంకా దేనికీ లొంగలేదు, వింటున్నాడంతే. వినడానికీ లొంగడానికీ మధ్య ఇంత స్పష్టమైన గీత గీసిన నేర్పు నాకు అబ్బురంగా ఉంటుంది.

చెవి ఒగ్గడం మొదటి మెట్టయితే, తర్వాతి మెట్లలోని వ్యాకరణం ఇంకా ముచ్చటైనది. ఒగ్గిన చెవిన మాట వేసేది చెప్పేవాడు: 'ఈ సంగతి మీ నాయన చెవిన వెయ్యి.' అక్కడినుంచి పని మాటదే. అది చెవికెక్కాలి, తలకెక్కాలి, మనసుకు పట్టాలి. ఈ మూడింటిలోనూ కర్త మాటే, మనిషి కాదు. 'నేను చెప్పింది వాడి తలకెక్కలేదు' అన్నప్పుడు ఎక్కలేకపోయింది మాట. చివరి మెట్టులో పని మళ్లీ విన్నవాడి చేతికి వస్తుంది: ఒప్పుకొంటాడు, లేదా ఒప్పుకోడు. ఒప్పు పక్కన చేరిన ఆ 'కొను' ఫలితాన్ని చేసినవాడి వైపే తిప్పుతుంది. ఒకరి బదులు ఇంకొకరు ఒప్పుకోవడం కుదరదు. ఒక తలపు లోపలికి రావడానికి విన్నవాడు, చెప్పినవాడు, మాట వంతులవారీగా పనిచేస్తున్నారన్నమాట. మాటకు సొంత నడక ఉందని ఒప్పుకొనే భాషలో, విన్నవెంటనే తేల్చెయ్యమని ఎవరినీ తొందరపెట్టలేం.

'విను' ఒక్కటే వాడితే ఈ మెట్లన్నీ కలిసిపోతాయి. 'పిల్లవాడు మాట వింటాడు' అంటే చెప్పినట్టు చేస్తాడనే. అందుకే ఆలోచనలకు తెరిచి ఉన్న మనసును చెప్పాలంటే నేను చెవి ఒగ్గడాన్నే ఎంచుకుంటాను.

దీనికి ఎదురు పనిముట్టు కూడా అంత జాగ్రత్తగానే చెక్కారు: పెడచెవిన పెట్టడం. పెడమొగంలోని పెడే ఇది, అవతలికి తిరిగినదని. ఇక్కడ మాటను అలా పెట్టేది చెప్పినవాడు కాదు, విన్నవాడే. చెవిన పడని మాటను పెడచెవిన పెట్టడం సాధ్యం కాదు. కాబట్టి ఈ నింద మోసేవాడికి 'నాకెవరూ చెప్పలేదు' అనే సాకు మిగలదు.