తిరిగి హైఫాకు: కనఫానీ నవలికలో ఒక ఇంటి తగవు

పాలస్తీనా పరిష్కారం అనగానే రెండు రాజ్యాలా, ఒకే రాజ్యమా అన్న చర్చ మొదలవుతుంది. 2023 అక్టోబరు తరువాత అది మళ్ళీ తలెత్తింది. ఘస్సాన్ కనఫానీ అరబ్బీ నవలిక 'తిరిగి హైఫాకు' ఆ చర్చను ఒక ఇంటి గుమ్మంలో నిలబెడుతుంది.

1948 ఏప్రిల్‌లో హైఫా పతనమైన రోజున సయీద్, సఫియ్యా దంపతులు జనప్రవాహంలో కొట్టుకుపోతారు. ఐదు నెలల ఖల్దూన్ ఇంట్లోనే ఉండిపోతాడు. 1967 యుద్ధం తరువాత దారి తెరుచుకోగా ఇల్లు చూడవస్తారు. తలుపు తీసినది మిరియం. పోలండ్ నుంచి వచ్చిన యూదు స్త్రీ, తండ్రిని ఆష్‌విట్జ్‌లో పోగొట్టుకున్నది. ఆ పసివాణ్ణి పెంచినది ఆమే. ఇప్పుడతడు దోవ్, ఇజ్రాయెల్ సైనికుడు.

ఈ రచన బలమంతా మిరియం పాత్రలో ఉంది. వచ్చిన కొత్తలో ఒక అరబ్ శిశువు శవాన్ని లారీలోకి విసరడం చూసి, ఇటలీకి తిరిగిపోదామని ఆమె భర్తను కోరుతుంది. పాలస్తీనా విమోచన ప్రజాఫ్రంట్ పత్రికకు సంపాదకుడైన రచయిత (1972లో బేరూత్‌లో కారుబాంబుకు బలైనవాడు) ఎదుటిపక్షానికి ఇంతటి మనస్సాక్షిని ఇవ్వడం సామాన్యం కాదు. దోవ్ విషయంలో ఆ నేర్పు లోపించింది. అతడు నోరు విప్పితే కరపత్రం వినిపిస్తుంది. యుద్ధమే ఈ తగవు తీర్చాలన్న నిశ్చయంతో సయీద్ వెళ్ళిపోతాడు. మిరియంను అంతటి మనిషిగా చూపిన కథ ఆ తీర్పుకు ఒప్పుకోదని నా అభిప్రాయం.

అయితే రాజకీయ ముసాయిదాలు ఇంతకంటె మేలైన జవాబు చెప్పాయా? 1993 ఓస్లో ఒప్పందం శరణార్థుల సమస్యను తుది చర్చలకు వాయిదా వేసింది. ఆ చర్చలు తేలలేదు. రెండు రాజ్యాల గీత 1967 నాటిది, సయీద్ నష్టం 1948 నాటిది. ఐక్యరాజ్యసమితి 194వ తీర్మానం తిరిగిరావడానికీ, రానివారికి పరిహారానికీ చోటిచ్చింది. ఇజ్రాయెల్ 1950లో చేసిన చట్టం ఊరు విడిచినవారి ఇళ్ళను ప్రభుత్వ సంరక్షకాధికారి పరం చేసింది. ఒకే రాజ్యమన్నవారికీ చిక్కు తప్పదు: ఓటు ఇద్దరికీ ఇవ్వవచ్చు, ఇల్లు ఎవరికి? మిరియం ఎక్కడికి పోవాలి?

2003 నాటి అనధికార జెనీవా ముసాయిదా పరిహారాన్ని ముందుకు తెచ్చి, ఇజ్రాయెల్‌లోకి ఎందరు రావాలన్నది ఇజ్రాయెల్ నిర్ణయానికి వదిలింది. ఆచరణకు దగ్గరి మార్గం అదేనేమో. కాని సయీద్ వెల కట్టించుకోవడానికి రాలేదు. కూజాలో ఏడు నెమలి ఈకలుండేవి, ఇప్పుడు ఐదే ఉన్నాయి. మిగతా రెండూ ఏమయ్యాయని మిరియంను అడుగుతాడు.