బండివాడి వీపు

చావు జరిగిన ఇంటికి పరామర్శకు వచ్చినవాళ్లు కాసేపు చాప మీద కూర్చుని, గొంతు తగ్గించి అడుగుతారు: “ఎలా జరిగింది?” వాళ్లకు విషయం ముందే తెలుసు. అయినా అడుగుతారు. ఇంటావిడ మొదట్నించీ చెప్పుకొస్తుంది. ఆ పొద్దున కాఫీ వద్దన్నారని, గుండెల్లో ఏదోలా ఉందన్నారని, ఆటో వచ్చేసరికే చేయి చల్లబడిందని. మర్నాడు ఇంకొకరు వస్తారు, మళ్లీ మొదట్నించీ. పదకొండో రోజుకి ఆ కథకు ఒక వరస కుదురుతుంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఏడవాలో ఆవిడకు తెలిసిపోతుంది. చావును ఇంట్లోవాళ్లు మోయగలిగే బరువుకు తెచ్చేది ఈ చెప్పడమేనని నాకనిపిస్తుంది.

మరి అడిగేవాళ్లే లేకపోతే? రష్యన్ రచయిత అంతోన్ చేహోవ్ ‘తొస్కా’ కథంతా ఆ ఒక్క ప్రశ్న మీదే నిలబడింది. 1886 జనవరిలో ‘పీటర్స్‌బర్గ్ గెజెట్’ అనే పత్రికలో వచ్చింది. అప్పటికి ఆయన వైద్యం చదువు ముగించి ఇంకా రెండేళ్లు నిండలేదు, వయసు 26. హాస్యకథలకు పెట్టుకున్న చెహోంతె అనే కలంపేరే దీని కిందా ఉంది. తొస్కా అన్న మాట ఇంగ్లీషువాళ్లను బాగా ఇబ్బంది పెట్టింది. ఒకరు దుఃఖం అన్నారు, ఒకరు గుండెకోత అన్నారు. మనకా బాధ లేదు. తల్లి కనపడక పిల్లాడు అన్నం మానేస్తే ఏమంటాం? బెంగ. ఆ మాట ఇక్కడ అతికినట్టు సరిపోతుంది.

కథ చిన్నది. ఇయోనా పొతాపొవ్ పీటర్స్‌బర్గ్‌లో మంచు మీద జారే గుర్రపుబండి తోలి బతికే ముసలాడు. ఆ వారమే కొడుకు పోయాడు. జ్వరం కావచ్చు, మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి పోయాడు. ఆ సంగతి ఎవరికైనా చెప్పుకోవాలని ఆ సాయంత్రమంతా నాలుగు చోట్ల ప్రయత్నిస్తాడు. ఎవరూ వినరు. చివరికి గుర్రానికి చెప్పుకుంటాడు. ఈ నాలుగు ముక్కలూ విన్నవాళ్లు “అయ్యో పాపం” అని ఊరుకోవచ్చు. పనితనం ఎక్కడుందో తెలియాలంటే ఆ బండి ఎక్కాలి.

బండి తోలేవాడు ముందు కూర్చుంటాడు, ఎక్కినవాడు వెనక. అంటే తోలేవాడి వీపు ఎప్పుడూ బేరం వైపు ఉంటుంది. మాట్లాడాలంటే వెనక్కి తిరగాలి, తిరిగితే దారి తప్పుతుంది. చేహోవ్ ఈ కూర్చునే తీరునే కథకు వెన్నెముక చేశాడు. మొదటి బేరం ఒక సైనికాధికారి. బండి అటూ ఇటూ పోతుంటే దారినపోయేవాళ్లు తిడుతుంటారు. ఇయోనా పెదవులు కదిలిస్తాడు, గొంతు పెగలదు. ఏమిటని అధికారి అడిగాక, అతికష్టం మీద కొడుకు పోయిన మాట బయటపడుతుంది. దేనివల్ల అని అధికారి అడుగుతాడు. కథ మొత్తంలో కొడుకు చావు గురించి ఎవరైనా అడిగిన ప్రశ్న ఇదొక్కటే. ఇయోనా ఒళ్లంతా తిప్పి వెనక్కి తిరిగి జవాబు మొదలుపెడతాడు. అలా తిరిగాడు గనకే బండి ఎవరి మీదికో పోతుంది, చీకట్లోంచి తిట్లు వినపడతాయి, తొందరగా పోనీయమంటాడు అధికారి. అడిగినవాడే ఆపేశాడు. తర్వాత ముసలాడు ఎన్నిసార్లు తిరిగి చూసినా అధికారి కళ్లు మూసుకునే ఉంటాడు.

ఇక్కడ ఎవర్నీ రాక్షసుణ్ని చేయలేదు చూడండి. ఆ అధికారి చెడ్డవాడు కాదు, ఎక్కడికో వెళ్లాల్సినవాడు. కన్నీళ్ల కథలు రాసేవాళ్లు ఇలాంటి చోట ఒక కఠినాత్ముణ్ని తెచ్చి పెడతారు. పాఠకుడి కోపం వాడి మీదికి మళ్లి, దుఃఖం తేలికైపోతుంది. చేహోవ్ ఆ దారి ఇవ్వడు. తప్పు చూపించడానికి మనిషి దొరకడు, బండి తప్ప.

రెండో బేరం ముగ్గురు కుర్రాళ్లు. ఇద్దరు పొడుగు, ఒకడు పొట్టి గూనివాడు. ముగ్గురికీ కలిపి ఇరవై కోపెక్కులంటారు. గిట్టుబాటు కాదు, అయినా ముసలాడికి పట్టదు, మనుషులు ఎక్కితే చాలు. ముగ్గురిలో ఎవరు నిలబడాలన్న గొడవ తేలి గూనివాణ్ని నిలబెడతారు. అతను ఇయోనా మెడ మీద ఊపిరి తగిలేంత దగ్గరగా నిలబడి తిట్లు లంకించుకుంటాడు. ఈ కథలో నన్ను ఎక్కువ కదిలించే చోటు ఇది. ఆ తిట్లు వింటూ, వెనక మనుషుల్ని చూస్తూ ఉంటే ముసలాడి ఒంటరితనం మెల్లగా సడలుతుందంటాడు రచయిత. తిట్టు కూడా ఒక పలకరింపే అయిన స్థితి అది. కొడుకు పోయాడని చెబితే, అందరం పోయేవాళ్లమేనంటాడు గూనివాడు. మనం పరామర్శల్లో ఓదార్పుగా వాడే మాటే అది! అక్కడ నోరు మూయించడానికి పనికొచ్చింది. వెంటనే మెడ మీద ఒక దెబ్బ పడుతుంది. ఇయోనాకు దెబ్బ తగలడం కన్నా దాని చప్పుడు వినపడటమే ఎక్కువగా తెలుస్తుంది. మృత్యువు తలుపు పొరబడి తనను వదిలి కొడుకు దగ్గరకు పోయిందంటాడు ముసలాడు. కొడుకు ఎలా పోయాడో చెబుదామని వెనక్కి తిరిగేసరికి, హమ్మయ్య దిగాల్సిన చోటు వచ్చిందంటాడు గూనివాడు.

మూడో చోట ఒక ఇంటి కాపలావాడు. టైమెంతని అడిగితే చెప్పి, ఇక్కడ ఆగొద్దు పొమ్మంటాడు. రెండు మాటల్లో తేల్చేశాడు రచయిత, తేల్చాల్సిందే. నాలుగో చోట, బండివాళ్లు పడుకునే గదిలో రాత్రి దాహానికి లేచిన కుర్రాడు. వాడూ బండివాడే, అక్కడ వీపు అడ్డం లేదు. అయినా ముసలాడు మాట ముగించి ముఖంలోకి చూసేసరికి ముసుగు కప్పుకుని నిద్రపోయి ఉంటాడు. వాడికి నీళ్ల దాహం ఎంతో ముసలాడికి చెప్పుకోవాలన్న దాహం అంత.

ఇక్కడ చేహోవ్ ఒక జాబితా ఇస్తాడు. కొడుక్కి జబ్బు ఎలా మొదలైందో, ఎంత బాధపడ్డాడో, పోయేముందు ఏమన్నాడో, ఎలా పోయాడో చెప్పాలి. ఖననం గురించి, కొడుకు బట్టలు తెచ్చుకోవడానికి ఆసుపత్రికి వెళ్లిరావడం గురించి చెప్పాలి. ఊళ్లో మిగిలిన కూతురు అనీస్యా సంగతీ ఉంది. వినేవాడు నిట్టూర్చాలి, అయ్యో అనాలి. ఆడవాళ్లైతే ఇంకా మంచిది, రెండు మాటలకే ఏడ్చేస్తారు అనుకుంటాడు. మన ఇళ్లల్లో పదకొండు రోజులూ సాగేదానికి ఇది విషయసూచిక. కొడుకు బట్టల దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఏ ఆసుపత్రి నుంచైనా చివరికి ఇంటికి తెచ్చుకునేది ఒక సంచే కదా.

విషయసూచిక ఇచ్చాడే గాని పుస్తకం తెరవలేదు రచయిత. కొడుకు పోయేముందు ఏమన్నాడో మనకు ఎక్కడా తెలియదు. కొడుకు పేరు కుజ్మా అన్న సంగతి కూడా, తండ్రి గుర్రానికి చెప్పేటప్పుడే మన చెవిన పడుతుంది. గుర్రానికన్నా ముందు ఆ పేరు మనకు చెప్పడు.

ఈ గుర్రాన్ని చివర్లో అవసరం కోసం తోలుకొచ్చారనుకోకండి. మొదటి పేరాలోనే మంచులో కదలకుండా నిలబడి ఉంటుంది, పిల్లలకు కొనిపెట్టే చవక తీపిరొట్టె బొమ్మగుర్రంలా. నాగలి నుంచి విడదీసి ఈ దీపాల, రొదల ఊళ్లోకి తెచ్చి పడేస్తే ఏ జీవైనా ఆలోచనలో పడకుండా ఉండలేదంటాడు. అంటే బెంగ అప్పటికే ఇద్దరిది. రోజంతా ఇయోనా దాని వెనక కూర్చున్నాడు, బేరాలు ఇయోనా వెనక కూర్చున్నాయి. అందరూ ఒకే వైపు తిరిగి ఉన్న లోకం అది. రాత్రి కొట్టంలోకి వెళ్లినప్పుడు మొదటిసారి అతను గుర్రానికి ఎదురుగా నిలబడతాడు, మెరిసే దాని కళ్లలోకి చూస్తాడు. దాణాకు సరిపడా సంపాదించలేదు గనక గడ్డే తిందామంటాడు. నీకో పిల్ల ఉండి, అది చటుక్కున పోతే నీకు బాధ ఉండదా అని దానికి తగ్గట్టుగా పోల్చి అడుగుతాడు. అది నములుతూ వింటుంది, యజమాని చేతుల మీద ఊపిరి వదులుతుంది. ఇయోనా లీనమైపోయి అంతా చెప్పేస్తాడు. కథ అయిపోయింది. ఆ ‘అంతా’ మనకు వినపడనివ్వడు.

ఒక లోపం కూడా చెప్పాలి. కుర్రాళ్లు దిగిపోయాక, ముసలాడి గుండె పగిలి దుఃఖం బయటికి ప్రవహిస్తే లోకమంతా ముంచెత్తుతుందన్న ధోరణిలో రచయిత తానే మాట్లాడతాడు. అంత గొంతెత్తడం అక్కడ అవసరం లేదు, మెడ మీద దెబ్బ చప్పుడు ఆ పని ముందే చేసింది. తర్వాతి రోజుల చేహోవ్ అయితే ఆ పేరా కొట్టేసేవాడేమో! కథ నెత్తిన పెట్టిన పాత భక్తిగీతపు పాదం మాత్రం బాగా కుదిరింది. అన్నలు అమ్మేసిన యోసేపు తన శోకం ఎవరికి చెప్పుకోనని విలపించే పాట అది. తండ్రికి దూరమైన కొడుకు పాటను కొడుకు పోయిన తండ్రి నెత్తిన పెట్టాడు.

కథ అయిదారు పేజీలకు మించదు. ఒకసారి కథ కోసం చదవండి. రెండోసారి ఎవరు ఎటు తిరిగి కూర్చున్నారో చూసుకుంటూ చదవండి.