చేయి చాచే అవసరం రాకుండా

పైబట్ట కొంగున కాసులు ముడివేసి, వీపు వెనక్కి వేసుకుని, తిరిగి చూడకుండా నడిచిపోతాడొక పెద్దమనిషి. వెనక వచ్చే పేదవాడు ఆ ముడి విప్పి తీసుకుంటాడు. ఇచ్చిందెవరో పేదవాడికి తెలుసు. తీసుకున్నదెవరో ఇచ్చినవాడికి తెలియదు. పూర్వపు యూదు పండితులు ఇలా ఇచ్చేవారని మైమోనిడీస్ రాశాడు. ఇంత సున్నితమైన దానానికీ ఆయన ఇచ్చింది పైనుంచి నాలుగో మెట్టే.

12వ శతాబ్దంలో ఈజిప్టులో వైద్యం చేసుకుంటూ బతికిన ఈ యూదు ధర్మవేత్త, తన 'మిష్నే తోరా'లో దానానికి ఎనిమిది మెట్లు కట్టాడు. హీబ్రూలో దానాన్ని 'సెదాకా' అంటారు. న్యాయం అనే అర్థమున్న ధాతువులోంచి పుట్టిన మాట అది. ఇవ్వడం దయ మాత్రమే కాదు, దేవుడి ముందు తీర్చుకోవలసిన బాధ్యత కూడా.

మెట్ల పనితనం చూడండి. అన్నిటికన్నా కింద, ముఖం ముడుచుకుని ఇవ్వడం. దానిపైన, తగినంత ఇవ్వకపోయినా నవ్వుముఖంతో ఇవ్వడం. ఆపైన అడిగాక ఇవ్వడం, ఆ పైమెట్టు అడక్కముందే ఇవ్వడం. తర్వాత మన కొంగుముడి. దానిమీద, ఎవరికిస్తున్నదీ తెలిసినా తన పేరు తెలియనివ్వకుండా గుమ్మంలో పెట్టి రావడం. పైనుంచి రెండో మెట్టు మీద ఇద్దరిలో ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇచ్చిన సొమ్ము చాలిందా లేదా అన్న లెక్క ఒక్క మెట్టులోనే వస్తుంది. అక్కడ కూడా నవ్వుదే పైచేయి. తీసుకునేవాడి తల ఎంత వంగింది? ఆయన కొలబద్ద అదే.

అన్నిటికన్నా పైమెట్టు మీద ఆ తల అసలు వంగదు. కానుకో అప్పో ఇచ్చి, వ్యాపారంలో కలుపుకుని, లేదా పని చూపించి, మనిషి మళ్లీ ఎవరినీ అడగక్కర్లేకుండా నిలబెట్టాలి.

మా నెల్లూరు తీరం వెంట సాగే బకింగ్‌హాం కాలువ గట్టున నిలబడితే నాకు ఈ మెట్టే గుర్తొస్తుంది. 1876-78 నాటి ధాత కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలువలో కొన్ని మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆయన పనిచేసిన ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆకలితో ఉన్న మాదిగ కుటుంబాలు మట్టి తవ్వి, గంపలకెత్తి, కూలి తీసుకున్నాయి. కూటి కోసం మతం మారారన్న మాట వాళ్లకు రాకూడదని, కరువు రోజుల్లో ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు.

క్లౌ ఆ మెట్లను చదివాడని నేను అనను. ఆ కూలి కరువు గట్టెక్కడానికే తప్ప జీవితాంతం నిలబెట్టేది కాదని కూడా తెలుసు. కానీ సాయంత్రం ఆ డబ్బు లెక్కపెట్టుకున్న మనిషి ఎవరికీ దండం పెట్టక్కర్లేదు. అది తన చెమటకు వచ్చింది. మైమోనిడీస్ పైమెట్టుకు దారి అటువైపే.