సబ్హాన్ కార్మికుడి కొడుకు ఎక్కడ పెరుగుతాడు?

పారిశ్రామిక నగరంలో, కార్మిక కుటుంబంలో గడిచిన బాల్యం అనగానే మనకు మొదట గోర్కీ, ఆ తర్వాత గోదావరిఖని గుర్తుకు వస్తాయి. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి వంటివారి కథలు చదివిన తరానికి బొగ్గుబావుల ప్రపంచం పరిచితమే. సైరన్ మోగితే నాన్న ఏ షిఫ్టు దిగుతున్నాడో చెప్పగలిగే పిల్లలు అక్కడివాళ్లు. ఇటువంటి రచనకు పైకి కనపడని షరతు ఒకటుంది: పెద్దలు పనిచేసే చోటే పిల్లలూ పెరగాలి. గోర్కీ 'నా బాల్యం'లో తండ్రి చనిపోయాడు, తల్లి దగ్గర లేదు, పిల్లవాడు అమ్మమ్మ చాటున పెరిగాడు. అయినా తాత అద్దకపు పని ఆ ఇంటి ఆవరణలోనే జరిగేది. శ్రమ అంటే ఏమిటో అతడు కళ్లారా చూశాడు.

కువైట్‌లోని ఆరు గవర్నరేట్లలో చివరగా ఏర్పడిన ముబారక్ అల్ కబీర్‌లో ఈ షరతు చెల్లదు. అక్కడి సబ్హాన్ ఒక పారిశ్రామిక వాడ: కర్మాగారాలు, గోదాములు, మరమ్మతు షెడ్లు. చుట్టూ సబా అల్ సాలెం, ఖురైన్, అదాన్, ఖుసూర్ వంటి నివాస ప్రాంతాలు. కువైట్ ఇళ్లలో వంటపని, పిల్లల పెంపకం, కారు తోలడం చేసేవారిలో కడప, గోదావరి జిల్లాల మనుషులు ఎందరో ఉన్నారు. మనవాళ్ల వాడుకలో కంపెనీ పనివాడిది 'షూన్ వీసా', ఇంటిపనివారిది 'ఖాదిం వీసా'. చట్టం వీటిని 18, 20 అనే అంకెలతో గుర్తిస్తుంది. కుటుంబాన్ని రప్పించుకోవడానికి కావలసిన కనీస జీతం 2019లో 500 దీనార్లు. 2024 జనవరిలో అది 800కు పెరిగింది. ఇంటిపనివారికి 2016లో నిర్ణయించిన కనీస వేతనమేమో 60 దీనార్లు. ప్రైవేటు రంగంలో మరుసటి ఏడు నిర్ణయించింది 75.

సాహిత్య వ్యాసంలో ఈ లెక్కలు ఎందుకని పాఠకులు అడగవచ్చు. ఈ నవల ఏ రూపంలో పుట్టగలదో తేల్చేది ఈ లెక్కలేనని నా వాదన. తండ్రి సబ్హాన్‌లో ఉంటాడు, కొడుకు రాయచోటిలోనో రాజంపేటలోనో జేజి దగ్గర పెరుగుతాడు. నగరం ఒకచోట, బాల్యం మరొకచోట.

ఈ చీలికను పట్టుకున్న నవల అరబ్బీలో వచ్చింది. కువైటీ రచయిత సౌద్ అల్ సనూసీ 2012లో ప్రచురించిన 'సాక్ అల్ బాంబూ'కు మరుసటి సంవత్సరం అంతర్జాతీయ అరబిక్ నవలా పురస్కారం దక్కింది. కువైటీ ఇంట్లో పనికి కుదిరిన ఫిలిప్పీన్స్ యువతికి ఆ ఇంటి కొడుకు వల్ల పుట్టిన బిడ్డే కథానాయకుడు. అతడు పెరిగింది మనీలా పక్కనున్న వలెంజులాలో, తాతగారి స్థలంలో. కువైట్ అతడికి తల్లి చెప్పిన కథగా మాత్రమే తెలుసు. యజమాని వర్గానికి చెందిన రచయిత పనిమనిషి కొడుకు గొంతుతో రాయడం సాహసమే. కాని అతడి తండ్రి కువైటీ. తిరిగి రావడానికి ఆ ఒక్క ఆధారమైనా ఉంది. రాయచోటి కుర్రవాడికి అదీ లేదు. అతడు ఆ నగరాన్ని చూడాలంటే పెద్దవాడై, తానే ఒక వీసా కొనుక్కోవాలి.

మన గల్ఫ్ కథల్లో కేంద్రం సాధారణంగా వెళ్లినవాడే: ఏజెంటు మోసం, కఫీల్ కాఠిన్యం, శవపేటిక. పెద్దింటి అశోక్‌కుమార్ 'ఎడారి మంటలు' వంటి నవల రావడం అవసరమే. కాని ఆ కథల్లో పిల్లలు ఎక్కువగా ఎదురుచూసేవారుగానే మిగిలిపోయారు. వారి కళ్లతో కథ నడవడం అరుదు. మన డయాస్పోరా చర్చలది మరో లోపం. అక్కడ ప్రవాసి అంటే పిల్లల్ని వెంట తీసుకుపోగలిగినవాడని అర్థం. పిల్లలకు తెలుగు రాదన్నది మన ప్రధానమైన బెంగ. (నేనూ ఆ బెంగ పడినవాణ్ణే.) సబ్హాన్ కార్మికుడి కొడుక్కి తెలుగు నిక్షేపంగా వచ్చు. రానిది తండ్రి రోజంతా మాట్లాడే అరబ్బీ. ఖురైన్‌లో ఒక ఇంటి పసిబిడ్డను ఎత్తుకు తిరిగే తల్లి ఆ బిడ్డతో ఏ భాషలో ముద్దులాడుతుందో కూడా ఆమె కన్నబిడ్డలకు తెలియదు.

ఈ నవలకు ముడిసరుకు ఎక్కడుందని వెతికితే, నాకు తోచేది క్యాసెట్లు. ఫోను ఖరీదైన రోజుల్లో గల్ఫ్ నుంచి మాటలు రికార్డు చేసి, సెలవుకు వచ్చేవారి చేత పంపేవారు. ఇంట్లో అందరూ చుట్టూ కూర్చుని వినేవారు. తిరుగు క్యాసెట్‌లో పిల్లల చేత పాఠాలు అప్పజెప్పించేవారు. ఇప్పుడా పని వాట్సాప్ చేస్తోంది. ఫోను మారితే అదీ పోతుంది. రాజంపేట ఇళ్లలో ఆ పాత క్యాసెట్లు ఇంకా మిగిలి ఉంటే, వాటి రెండో వైపున ఉన్నది పిల్లల గొంతులే.