వట్టి మనిషి కాదు

కడుపుతో ఉన్న ఆడమనిషి గురించి తెలుగులో ఎన్ని మాటలో! నెల తప్పింది, నీళ్లోసుకుంది, చూలాలు, నిండు చూలాలు. వీటన్నిట్లో నన్ను ఆపే మాట ఒకటుంది: ‘వట్టి మనిషి కాదు.’ బరువులెత్తకమ్మా, వట్టి మనిషివి కాదు. ఆపేక్షగా అనేదే. కాస్త ఆగి వింటే మాత్రం, నిన్నటిదాకా ఆమె వట్టి మనిషేనన్నమాట. ఇవాళ్టినుంచి లోపలున్నదాన్ని బట్టి విలువ. ఈ చూపే మన సాహిత్యంలోకీ వచ్చిందని నా అనుమానం. గర్భం రాగానే ఆమె తల్లి అయిపోతుంది. ఆమె పక్కన పడుకునేవాడు కథలోంచి మాయమైపోతాడు. ఆ తొమ్మిది నెలలూ ఇద్దరి మధ్యా స్పర్శ ఏమైపోయిందని ఎవరూ అడగరు.

ఇందులో ఒక తమాషా ఉంది. కడుపుతో ఉన్నామె ఏం కోరితే అది తీర్చాలన్నది మన ఆచారం. రఘువంశంలో సుదక్షిణ మట్టి రుచి చూస్తుంది. మన ఇళ్లల్లో పుల్లమామిడికాయ, చింతకాయ అడుగుతారు. అడిగినవి తెచ్చిపెట్టకపోతే పాపమంటారు. కానీ ఆ కోరికల జాబితాలో మొగుడు ఉండడు. నాలుకకు కోరిక ఉండొచ్చు, మిగతా ఒంటికి ఉండకూడదు. వేవిళ్ల మీద ఇంత ముచ్చటపడ్డ సాహిత్యం ఇక్కడికొచ్చేసరికి తల తిప్పుకుంటుంది.

తల తిప్పుకోనివాడు ఒకడున్నాడు, భవభూతి. ఉత్తరరామచరితం మొదటి అంకం మళ్లీ చదివి చూడండి. సీత నిండు గర్భిణి. పెద్దవాళ్లంతా యాగానికి వెళ్లారు. లక్ష్మణుడు చూపించిన చిత్రాల్లో తమ వనవాసాన్ని చూసుకుని ఆమె అలిసిపోయింది. రాముడు తన చేతినే తలగడగా ఇస్తాడు. పెళ్లయినప్పట్నుంచీ ఆమె తలకింద ఉన్న చెయ్యే అది. ఆమె తాకగానే తనలో కలిగేది సుఖమో బాధో, నిద్రో మత్తో తేల్చుకోలేకపోతాడు. ఇక్కడ రతి లేదు, అయినా ఆ స్పర్శ దేహంలో మొదలై దేహంలోనే ఉంది. గర్భిణి అయిన భార్య ఇతనికి తల్లీ కాదు, దేవతా కాదు. పక్కన పడుకున్న మనిషి. కాసేపటికి దుర్ముఖుడు లోకనింద మోసుకొస్తాడు. రాముడు నిద్రపోతున్న ఆమె తలకింద నుంచి ఆ చెయ్యి తీసేసుకుంటాడు. అంతకుముందు ఆ చెయ్యి ఎంత హాయిగా ఉందో మనకు తెలియకపోతే, తీసేసుకోవడం మనల్ని ఇంత కోయదు. పరిత్యాగం అడవిలో కాదు, ఆ పడకమీదే జరిగిపోయింది. సినిమాల్లో, హరికథల్లో మనం రథాన్నీ అడవినీ గుర్తుపెట్టుకున్నాం, ఈ చేతిని మర్చిపోయాం.

దీనికి పూర్తి ఎదురుగా ఆదిపర్వంలో ఒక కథ ఉంది. భీష్ముడు సత్యవతికి చెప్తాడు. ఉతథ్యుడి భార్య మమత గర్భవతి. మరిది బృహస్పతి ఆమెను కోరతాడు. ఆమె వద్దంటుంది, వినడు. చివరికి కడుపులో బిడ్డ అడ్డుపడతాడు. శాపం ఆ బిడ్డకే తగులుతుంది. దీర్ఘతముడు గుడ్డివాడుగా పుడతాడు. మనకు భారతం తెలుగులో మొదలైన చోటే, నన్నయ దగ్గరే, ఈ కథ ఉంది. దీన్ని గర్భిణిని ముట్టుకోకూడదనే నీతిగా చదివితే అన్యాయం. ఇందులో తప్పు స్పర్శది కాదు, ఆమె వద్దన్నా వినకపోవడానిది. భవభూతి సీతా ఆదిపర్వంలోని మమతా పక్కపక్కన నిలబడితే విషయం తేటపడుతుంది: తాకామా లేదా అన్నది కాదు, అడిగామా లేదా అన్నదే అసలు గీత.

ఆధునికుల్లో ఈ విషయం రాయగలిగినవాడు చలం అనుకుంటాం. మైదానంలో కోరికకు అడ్డేలేదు. కానీ రాజేశ్వరికి కడుపు వచ్చేసరికి అమీర్ ఆ బిడ్డ వద్దంటాడు, తీయించుకోమంటాడు. అంటే అంత స్వేచ్ఛలోనూ కోరికా గర్భమూ ఒకే పక్కమీద ఇమడలేదు. సంసారం గర్భం కోసం కోరికను పంపించేస్తే, మైదానం కోరిక కోసం గర్భాన్ని పంపించెయ్యమంది. రెండూ ఒకే నాణేనికి బొమ్మా బొరుసూ.

తర్వాత స్త్రీవాద కవిత్వం వచ్చింది. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ ఆ నొప్పినీ ఆ అవమానాన్నీ మొహమాటం లేకుండా చెప్పాయి. ఆ ధైర్యానికి మనం రుణపడి ఉన్నాం. అయితే ఆ కవితలు ముందు తెరవాల్సిన తలుపులు వేరే. కోరిక అక్కర్లేదనిపించే మూడో నెల, మళ్లీ చిగురించే ఐదో నెల, పొట్ట అడ్డమొచ్చి ఇద్దరూ నవ్వుకునే ఎనిమిదో నెల – ఇవి కథగా నా కంట పెద్దగా పడలేదు. పుట్టింటి ఆచారం రచయితకూ కలిసొచ్చింది. ఏడో నెలలో ఆమెను బండెక్కించేస్తే, మిగతాది ఉత్తరాల్లో సరిపెట్టొచ్చు. సినిమాకి అదీ అక్కర్లేదు. సీమంతం పాట, గాజుల చప్పుడు, వెంటనే హాస్పిటల్ కారిడార్లో అటూ ఇటూ తిరిగే మొగుడు.

ఇప్పుడు ఆ బండి అంత త్వరగా రావట్లేదు. మియాపూర్లోనో డల్లాస్‌లోనో రెండు గదుల ఇంట్లో ఇద్దరే చివరిదాకా ఉంటున్నారు. డాక్టర్లు చెప్పేది సూటిగానే ఉంది: గర్భం మామూలుగా సాగుతుంటే కలయికవల్ల బిడ్డకేం కాదు, ఉమ్మనీరూ గర్భసంచీ కాపాడతాయి. రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, మాయ కిందికి ఉండటం, నెలలు నిండకుండా కాన్పు వచ్చే ప్రమాదం ఉంటే మాత్రం ఆగాలి. నెలలు పెరిగేకొద్దీ వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోవడం ఆమెకు సుఖం. ఇంతవరకూ సమాచారం. సమాచారం అయిపోయిన చోట సాహిత్యం మొదలవ్వాలి.

ఎందుకంటే కష్టం భంగిమల్లో లేదు. అతను బిడ్డకేమవుతుందోనని భయపడి దూరం జరుగుతాడు, అదే ప్రేమ అనుకుంటాడు. ఆమె అద్దంలో మారిన ఒంటిని చూసుకుంటూ, ఆ దూరాన్ని తన అందం మీద తీర్పుగా చదువుకుంటుంది. ఇంకో ఇంట్లో ఆమెకు ఏదీ వద్దు. నడుం నొక్కితే చాలు. కానీ నొక్కడంతో మొదలైంది ఇంకెక్కడికో వెళ్తుందేమోనని అదీ అడగదు. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరికీ మాట లేదు. అడగడానికీ వద్దనడానికీ మాట ఇవ్వడం కథ చెయ్యగలిగిన పని. డాక్టరు ‘పర్లేదు’ అనగలడు. ‘నీకు ఎలా ఉంది?’ అని రాత్రి పదకొండింటికి అడగాల్సిన గొంతు వేరే.

అలాంటి కథ రాసేవాళ్లకి పెద్ద సాహసం అక్కర్లేదు, బూతు అసలే అక్కర్లేదు. ఆమె వట్టిగా ఉన్నప్పుడూ మనిషే, నిండుగా ఉన్నప్పుడూ మనిషే అని నమ్మితే చాలు. తలకింద చెయ్యి ఎలా పెట్టాలో భవభూతి ఎప్పుడో రాసిపెట్టాడు. దాన్ని తీసెయ్యకుండా తెల్లారేదాకా ఉంచే మొగుడి కథ మాత్రం ఇంకా బాకీ.