సమీర్ బడికి ఎందుకు వెళ్లడు?

ఢిల్లీ జనపథ్‌లో సిగ్నల్ దగ్గర ఒక చిన్న కుర్రాడు పేపర్లు అమ్ముతుంటాడు. రోజూ సైకిల్ మీద అటుగా వెళ్లే ఇంకో అబ్బాయిని చూసి ఇంగ్లీషు పేపరు చేతికివ్వబోతాడు. ఆ అబ్బాయి హిందీ పేపరు అడిగేసరికి ఆశ్చర్యపోతాడు. నీకు హిందీ వచ్చా అంటాడు. వచ్చు, బళ్లో హిందీ నాకొక సబ్జెక్టు అంటాడు సైకిల్ అబ్బాయి. సబ్జెక్టు అంటే ఏమిటని పేపర్ల కుర్రాడికి సందేహం. జవాబు చెప్పేలోగా సిగ్నల్ పడిపోతుంది, వెనక హారన్లు మోగుతాయి. ఆ తర్వాత తేలుతుంది, ఇద్దరి పేరూ సమీరేనని. ఒకడు సమీర్ ఏక్, ఇంకొకడు సమీర్ దో.

పాయిలీ సేన్‌గుప్తా రాసిన ఈ కథను 2006లో ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతి పిల్లల చేతుల్లో పెట్టింది, ‘సామాజిక, రాజకీయ జీవనం’ అనే పుస్తకం మొదటి పాఠంలో. కథ బాగుంటుంది. అయితే ఆ పుస్తకం చేసినవాళ్ల పనితనం తెలిసేది కథ అయిపోయాక వచ్చే ప్రశ్నల్లో. ముందు ఇద్దరి మధ్య తేడాలు రాయమంటారు. ఒకడిది హిందీ, ఇంకొకడికి ఇంగ్లీషు చులాగ్గా వస్తుంది. మతాలు వేరు. తినే తిండి, కట్టే బట్ట, చేసుకునే పండగలు వేరు. ఈ తేడాలు స్నేహానికి అడ్డమా అని అడుగుతారు. ఇంతవరకూ ఏ నీతి పాఠమైనా చేస్తుంది. అక్కడ ఆగకుండా ఇంకో తేడా చూపిస్తారు: సమీర్ దో బడికి వెళ్లడు, పేపర్లు అమ్ముతాడు. వెళ్లాలనుకుంటే వెళ్లగలడా? ఇది కూడా వైవిధ్యమేనా?

కాదు, ఇది అసమానత అని పుస్తకం తేల్చి చెబుతుంది. భాష, మతం, ఆహారం వేరుగా ఉండడం ఒకటి. ఒకడికి అందిన అవకాశం ఇంకొకడికి అందకపోవడం వేరొకటి. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం మన బడుల్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. స్వాతంత్ర్య దినోత్సవం నాడు పిల్లలకు రకరకాల వేషాలు వేయించి, భిన్నత్వంలో ఏకత్వం అనిపిస్తే వైవిధ్యం గురించి చెప్పేశామనుకుంటాం. లంబాడీ వేషం వేసిన పాప పక్కన కూర్చున్న నిజమైన లంబాడీ పాపకు ఆ రోజు ఏం అనిపించిందో ఎవరూ అడగరు. పదకొండేళ్ల పిల్లలకు అర్థమయ్యే మాటల్లో, మొదటి పాఠంలోనే, తేడాకీ అసమానతకీ మధ్య గీత గీసినందుకు ఈ పుస్తకం అంటే నాకు ఎనలేని గౌరవం.

ప్రొఫెసర్ యశ్‌పాల్ అధ్యక్షతన తయారైన 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం నుంచి పుట్టిన పుస్తకాలివి. అప్పుడు ఎన్‌సీఈఆర్‌టీ డైరెక్టర్ కృష్ణకుమార్. పుస్తక బృందానికి ముఖ్య సలహాదారు శారద బాలగోపాలన్. ‘సివిక్స్’ అనే పాత సబ్జెక్టును ఎందుకు పక్కన పెట్టామో టీచర్లకు రాసిన ముందుమాటలోనే వివరించారు. వలస పాలనలో విధేయులైన పౌరులను తయారుచేయడానికి పుట్టిన సబ్జెక్టు అది. పంచాయతీ విధులు, రాష్ట్రపతి అధికారాలు వల్లె వేయించడం తప్ప పిల్లవాడి వీధితో దానికి పనిలేదు.

ఆ ముందుమాట కాక, ప్రతి యూనిట్ ముందూ టీచర్ కోసం ఒక పేజీ ఉంటుంది. ఆ పేజీ తిప్పేసి పాఠంలోకి వెళ్లిపోయే టీచర్లే ఎక్కువ. కానీ ఈ పుస్తకాలు నడిచే తీరు తెలియాలంటే అది చదవాలి. పాఠంలో వచ్చే వివక్ష కథలు తరగతిలో కూర్చున్న కొందరు పిల్లల సొంత అనుభవాలై ఉంటాయనీ, చర్చలో ఏ పిల్లవాడి గౌరవానికీ భంగం రాకూడదనీ అందులో టీచరుకు గుర్తు చేశారు. అంబేడ్కర్ చిన్ననాటి ప్రయాణం పాఠానికి వచ్చేసరికి ఈ జాగ్రత్త విలువ తెలుస్తుంది. 1901లో తొమ్మిదేళ్ల అంబేడ్కర్ అన్నతో, బంధువుల పిల్లలతో కలిసి తండ్రిని చూడడానికి కోరేగావ్ బయలుదేరాడు. చక్కగా బట్టలు కట్టుకున్న పిల్లల్ని చూసి స్టేషన్ మాస్టర్ దగ్గరకొచ్చి పలకరించాడు. మహర్లమని చెప్పగానే అడుగులు వెనక్కి వేశాడు. రెట్టింపు కిరాయి ఇస్తామన్నా ఎడ్లబండి వాళ్లు ఎక్కించుకోలేదు.

సంపాదకుల ఎంపిక చూడండి. అంటరానితనం గురించి చెప్పడానికి ఎన్ని నిర్వచనాలైనా ఇవ్వొచ్చు. వాళ్లు తీసుకున్నది కొత్త బట్టలు వేసుకుని సంబరంగా రైలు దిగిన పిల్లల కథ. చదివే పిల్లల వయసూ ఇంచుమించు అంతే. జాలి పుట్టేలా ఒక్క మాట కలపలేదు. జరిగింది జరిగినట్టు చెప్పి, ఆ పిల్లలకు ఎలా అనిపించి ఉంటుందని అడిగి ఊరుకున్నారు.

ఏడో తరగతిలో ఓంప్రకాశ్ వాల్మీకి కథ ఉంది. నాలుగో తరగతి పిల్లవాణ్ని హెడ్మాస్టరు పాఠం వినకుండా బడీ, ఆటస్థలం ఊడ్వమంటాడు. రోజుల తరబడి ఊడుస్తుంటే అటుగా వెళుతున్న తండ్రి చూసి, చేతిలో చీపురు లాక్కుని విసిరేసి, టీచరును నిలదీస్తాడు. ఆ వెంటనే అన్సారీ దంపతుల కథ. అద్దె ఇంటికోసం తిరుగుతుంటే పేరు వినగానే ఇళ్లు లేవంటారు, మాంసం తినేవాళ్లకు ఇవ్వమంటారు. చివరికి బ్రోకరు పేరు మార్చుకోమని, మిస్టర్ అండ్ మిసెస్ కుమార్ అనిపించుకోమని సలహా ఇస్తాడు. ఒకటి దళిత కుటుంబం, ఒకటి ముస్లిం కుటుంబం. రెండు కథలనూ ఒకచోట పెట్టి రెంటికీ ఒకే ప్రశ్న వేశారు: ఇక్కడ దెబ్బ తిన్నది ఏమిటి? మనిషి గౌరవం అని పిల్లలే చెప్పేలా పాఠం నడుస్తుంది. రాజ్యాంగం ఊసు ఆ తర్వాతే వస్తుంది.

మనసులో గూడుకట్టుకున్న అభిప్రాయాలను బయటికి లాగడంలోనూ ఈ పుస్తకాలది గట్టి చెయ్యి. ఆరో తరగతిలో పల్లెటూరివాళ్ల గురించి కొన్ని వాక్యాలు, పట్నంవాళ్ల గురించి కొన్ని వాక్యాలు ఇచ్చి, ఒప్పుకునేవాటికి టిక్ పెట్టమంటారు. కోతలప్పుడు ఆడవాళ్లు పొలంలో రోజుకు పన్నెండు గంటలు దాటి పనిచేస్తారన్న నిజమూ, పట్నంవాళ్లు సోమరులన్న నిందా ఒకే వరసలో ఉంటాయి. ఏది నిజమో ఏది నిందో ముందు చెప్పరు. పిల్లవాడు టిక్ పెట్టేశాక, ఇలా ఎందుకనుకున్నావని అడుగుతారు. తప్పు ఎంచకుండా, వాడి అభిప్రాయాన్ని వాడి ముందే పెట్టే పద్ధతి ఇది.

ముస్లింలు ఆడపిల్లల్ని చదివించరన్న మాటను ఎదుర్కొన్న తీరు మరీ నచ్చింది. అలా అనడం తప్పని ఒక్క ముక్కలో కొట్టిపారేయలేదు. కారణం మతం కాదు, పేదరికం అని చెప్పి కేరళను చూపించారు. అక్కడ బడి ఇంటికి దగ్గర, ప్రభుత్వ బస్సులు బాగా తిరుగుతాయి, టీచర్లలో సగానికి పైగా మహిళలు, అందుకే ముస్లిం ఆడపిల్లలు బడికి వెళుతున్నారు. దురభిప్రాయానికి జవాబు మంచి మాటల్లో దొరకదు, బస్సుల్లో, టీచర్ల నియామకాల్లో దొరుకుతుంది. లడఖ్, కేరళలను పక్కపక్కన పెట్టి వైవిధ్యం ఎలా పుడుతుందో చెప్పిన పాఠంలోనూ ఇదే పద్ధతి. వాన పడని కొండల్లో పశ్మీనా ఉన్ని, సముద్రం ఒడ్డున మిరియాలు, వాటికోసం వచ్చిన వర్తకులు, వాళ్ల వెంట వచ్చిన మతాలు. సంస్కృతి గాల్లోంచి ఊడిపడదని పిల్లలకు తెలుస్తుంది.

ఏడో తరగతిలో హర్మీత్ కథ బొమ్మల్లో ఉంది. మా అమ్మ పని చేయదు, ఇంట్లోనే ఉంటుందని వాడంటాడు. సరే, అయితే ఈ రోజు నేను సమ్మె అంటుంది తల్లి జస్‌ప్రీత్. ఇల్లు తలకిందులవుతుంది. పిల్లలు పడీ పడీ నవ్వే పాఠం. నవ్వు అయ్యాక, ఇళ్లల్లో పనికి కుదిరిన మెలనీ అనే ఆమె మాటలు వస్తాయి. తెల్లవారుజామున మొదలై రాత్రి దాకా సాగే చాకిరీ, దానికి తోడు తిట్లు. గృహిణి పనికి విలువ కట్టమన్న పాఠం, ఆ పనిని డబ్బిచ్చి చేయించుకునే ఇంట్లో ఏం జరుగుతుందో కూడా చూపించకపోతే సగమే అవుతుంది. ఆ రెండో సగాన్ని వదలకపోవడం బృందం నిజాయితీ.

తెలుగు టీచరుకు ఇంకా దగ్గరగా ఉండే పాఠం ఒకటుంది. చొక్కా ఎక్కడి నుంచి వస్తుందో చెప్పే ఆ పాఠం మొదలయ్యేది కర్నూలు పత్తి చేలో. స్వప్న అనే చిన్న రైతు విత్తనాలకూ ఎరువులకూ ఊరి వ్యాపారి దగ్గర 2,500 రూపాయలు అప్పు తీసుకుంటుంది. పత్తి తనకే అమ్మాలన్నది అతని షరతు. క్వింటాలు 1,500 చొప్పున 6,000 వస్తే అప్పు, వడ్డీ కింద 3,000 పట్టుకుని, మిగతా 3,000 చేతిలో పెడతాడు. ఊళ్లో అతని మాట కాదంటే మళ్లీ అప్పు పుట్టదని తెలిసి స్వప్న, ఆమె భర్త సత్యం నోరెత్తరు. ఆ పత్తి ఈరోడ్ మగ్గాలకు వెళ్లి, చొక్కాగా మారి అమెరికా కొట్లకు చేరుతుంది. ఆదోనిలోనో ఆలూరులోనో టీచరు ఈ పేజీ తెరిచి ఇప్పటి ధరలు, ఇప్పటి వడ్డీ పిల్లలచేత రాయిస్తే తరగతిలో సగం మందికి చెప్పడానికి కథ ఉంటుంది.

లోపాలు లేవని అనను. సమోవా దీవుల పిల్లల గురించిన భాగం ఎందుకొచ్చిందో తెలిసేలోపే ముగుస్తుంది. హిందీ, ఇంగ్లీషు, ఉర్దూల్లో అచ్చయిన ఈ పుస్తకాలు తెలుగులో రాలేదు. 2024లో ఆరో తరగతికి, మరుసటి ఏడు ఏడో తరగతికి కొత్త పుస్తకాలు వచ్చి వీటి స్థానం తీసుకున్నాయి. అయినా సిలబస్‌తో పనిలేకుండా టీచరు దగ్గర ఉంచుకోదగ్గ సరుకు ఇది. ఒక్క షరతు ఉంది, దాన్ని పుస్తకమే పెట్టింది: పరీక్షలో కథను గుర్తుపెట్టుకున్నారా అని అడగొద్దు. స్వప్న ఎంత అప్పు చేసింది అన్నది ఈ పాఠానికి ప్రశ్నే కాదు. ఆమె పత్తిని కర్నూలు మార్కెట్‌కు ఎందుకు తీసుకెళ్లలేకపోయింది, మీ ఊళ్లో అలాంటివాళ్లు ఎవరు, ఏం మారితే తీసుకెళ్లగలరు అని అడగాలి. అలాంటి జవాబులు దిద్దడానికి సమయం ఎక్కువ పడుతుంది, మార్కులు వేయడం కష్టం. ఆ కష్టానికి సిద్ధపడే టీచర్ల కోసమే ఈ పుస్తకాలు రాశారు.